ఓడెక్కి వచ్చే వైరస్

అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో ఒకప్పుడు వైరస్ ఓడ మీద వచ్చేది. అప్పట్లో ద్వీపాలకి నెట్టంతా శాటిలైట్ దయ. సినిమా మాట దేవుడెరుగు, మెయిలు తెరుచుకుంటే అదే గొప్ప. అంచేత విశాఖపట్నం ఓడ దిగిన చుట్టం సంచిలో ఆవకాయ జాడీతో పాటు కొత్త సినిమాల పెన్‌డ్రైవూ ఉండేది. గుచ్చగానే ఫోల్డర్లు మాయం. వాటి పేర్లతోనే, మూలన వంకర బాణం గుర్తుతో షార్ట్‌కట్లు కనిపించేవి. సినిమా ఏదని దాని మీద నొక్కారా, వైరస్ లోపలికి దిగినట్టే.

అప్పుడు పుణేవాళ్ల క్విక్ హీల్ మంచిదా, చెన్నైవాళ్ల కె7 మంచిదా అని వాదించుకునేవాళ్లు. ఏది కొన్నా అప్‌డేట్ దిగాలి కదా! నెలల తరబడి అప్‌డేట్ ముఖం చూడని యాంటీవైరస్, పాత దొంగల ఫొటోలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ద్వీపాలకి సముద్రం అడుగున వేసిన నెట్టు కేబుల్ మొదలైంది, సుమారు 2,300 కిలోమీటర్లు. దాంతో ఆ బాధ చాలావరకు తగ్గింది. ఈలోగా విండోస్‌తో పాటే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఊరికే వస్తోంది. మామూలు ఇంటికి అది చాలనే నేనంటాను. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ అనే సంస్థ పరీక్షల్లో నెట్టు ఉన్నప్పుడు అది పెద్ద పేర్ల సరసనే నిలుస్తోంది. అయితే ఆ పట్టికల్లో ఆఫ్‌లైన్ అని ఇంకో గడి ఉంటుంది. మెయిన్‌ల్యాండ్ వాళ్లు దాన్ని చూడనే చూడరు. నెట్టు లేనప్పుడు డిఫెండర్ పట్టు బాగా సడలేది అక్కడే. గాలివానకి నెట్టు పోయి, పిల్లలు పెన్‌డ్రైవులు మార్చుకునే ఇంట్లో ఆ గడిలో మంచి మార్కులున్నదాన్ని డబ్బిచ్చి కొన్నా దండగ కాదు. కొనేముందు రెండో ఏడాది ధర కూడా అడగాలి. మొదటి ఏడాది డిస్కౌంటు ఎర అక్కడే తేలుతుంది.

ఉచితమైనవన్నీ ఒకటి కావు. జనం చూసే సైట్ల వివరాలు అమ్ముకున్నందుకు ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ 2024లో అమెరికాలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఇక తెర నిండా ఎర్రగా వెలిగి, 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అనే పేజీ అసలు యాంటీవైరసే కాదు, పచ్చి మోసం. బ్రౌజర్ మూసెయ్యడమే.

ఎవరూ పట్టించుకోని తద్దినం ఇంకోటుంది, విండోస్ అప్‌డేట్. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తాళం వేసింది. అది దూరిన కన్నం పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

"ఇంతకీ ఏది కొనమంటావు మామయ్యా?" అని పక్కింటి కుర్రాడు అడిగితే ముందు హార్డ్‌డిస్కు కొనుక్కోమన్నాను. "ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టు. తగిలించి ఉంచావంటే తాళం దానికీ పడుతుంది."