శనివారం కూలి ఇచ్చే మేస్త్రీ

ఇంటికి బయట ప్లాస్టరింగ్ చేయించాలంటే ఏ సిమెంటు మంచిది, ఇసుక ఎక్కడ దొరుకుతుంది అని అందరూ చెబుతారు కానీ, మంచి మేస్త్రీని ఎలా పట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరండీ. "మాకు తెలిసినవాడే, బాగా చేస్తాడు" అంటారు, అంతే. ఆ తెలిసినవాడు పరంజా కట్టి, అడ్వాన్సు తీసుకుని, ఇంకో సైటుకి వెళ్ళిపోతాడు. మా వీధిలో ఒకరింటికి నెలన్నర పాటు కర్రలు ఉత్తినే నిలబడ్డాయి. వాళ్ళు వాటి మీద బట్టలారేసుకున్నారు కూడా.

మా ఇల్లు రాజమండ్రిలో, పాతికేళ్ళ నాటిది. పడమటి గోడ వానకి నాని నాని పెచ్చులూడిపోతోంది. దానికి లోపలివైపు మా అత్తయ్యగారి మంచం. పోయిన వానాకాలం ఆవిడ తలవైపు గోడంతా చెమ్మే, రాత్రంతా దగ్గే. ఈసారి వానల్లోపు పని అయి తీరాలి. ఉన్నవి చిట్టీ పాడిన డబ్బులు, మళ్ళీ చేయించే ఓపిక లేదు.

ముగ్గురు వచ్చి చూశారు. మొదటాయన కిందనుంచే చూసి చదరపు అడుగు రేటు చెప్పేశారు. పాత పూత కొట్టాలా అంటే "అక్కర్లేదమ్మా, దాని మీదే లాగించేద్దాం" అన్నారు. రెండో ఆయన నేను ఏమడిగినా "సార్ వచ్చాక మాట్లాడతాలెండి" అనేవారు. సార్ వచ్చేది రాత్రి ఎనిమిదింటికి. పగలంతా పని చూసేది, టీలిచ్చేది, గోడ తడిపేది నేను. నాతో మాట్లాడని మనిషితో పదిహేను రోజులు ఎలా వేగాలి?

మూడో ఆయన తాపీ తిరగేసి గోడంతా తట్టుకుంటూ వెళ్ళారు. గట్టిగా పలికిన చోట వదిలేసి, గుల్లగా పలికిన చోట సుద్దముక్కతో గీతలు గీశారు. "ఇదంతా ఇటుక కనబడేదాకా కొట్టేయాలమ్మా. పిల్లరూ గోడా కలిసే చోట చికెన్ మెష్ వెయ్యాలి, లేకపోతే సరిగ్గా అక్కడే పగులొస్తుంది" అన్నారు. రేటు ముగ్గురిలోకీ ఈయనదే ఎక్కువ.

అయినా వెంటనే ఊఁ అనలేదు నేను. ఆయన పని దానవాయిపేటలో జరుగుతోందంటే అన్నాల వేళకి వెళ్ళాను. మేస్త్రీ ఉన్నప్పుడు వెళితే గోడ చూపిస్తారు, లేనప్పుడు వెళితే మనుషులు మాట్లాడతారు. మాలు మోసే ఆడవాళ్ళిద్దరు నీడన కూర్చుని క్యారేజీలు విప్పుతున్నారు. పక్కన కూర్చుని, "కూలి ఎప్పుడిస్తారమ్మా?" అని అడిగాను.

"శనివారం చీకటి పడకుండా ఇచ్చేత్తారండి. ఓనరు ఇవ్వకపోయినా అప్పు తెచ్చైనా ఇత్తారు. నాలుగేళ్ళుగా ఈయన దగ్గరేనండి" అంది పెద్దామె.

నాకు అంతకన్నా ఏం కావాలి! కూలి అందనివాళ్ళు సోమవారం వేరే పనికి పోతారు. మన పని ఆగేది అక్కడే. ఈ ప్రశ్న మా వారికి తట్టదని పందెం కాయగలను.

అన్నీ కాగితం మీద రాసుకున్నాం. బయటి గోడకి ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ళు ఇసుక, రెండు పూతలు, మొత్తం ముప్పావు అంగుళం మందం. కిటికీల ఖాళీ కొలతల్లోంచి తీసెయ్యాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చాం, చివర్లో గొడవలన్నీ దాని దగ్గరేగా. డబ్బు గోడ గోడకీ, ఆఖరి భాగం తడుపులు అయ్యాక.

ఇసుక వచ్చిన రోజు ఓ గుప్పెడు గాజుగ్లాసులో వేసి, నీళ్ళు పోసి, కలిపి పెట్టాను. తేరుకున్నాక ఇసుక మీద మట్టి పొర పల్చగానే ఉంది. మందంగా ఉంటే లారీని వెనక్కి పంపేదాన్నే. కలిపిన మాలు గట్టిపడితే మళ్ళీ నీళ్ళు పోసి వాడెయ్యడం చాలామందికి అలవాటు. ఈయన ఒకసారి సగం తట్ట అవతల పారబోయించారు, నేను అడక్కుండానే.

తర్వాత వారం రోజులు పైపు నాదే. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. "మొక్కలకి కూడా ఇన్ని నీళ్ళు పొయ్యలేదే అమ్మాయ్" అని అత్తయ్యగారు ఒకటే నవ్వు.

లెక్క తేల్చే రోజు రూపాయి బిళ్ళతో గోడంతా నేనే తట్టుకుంటూ వెళ్ళాను. గేటు పక్కన ఓ జానెడు మేర గుల్లగా పలికింది. నేను నోరు తెరిచేలోపే ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీశారు. మర్నాడు ఒక్కరే వచ్చి, కొట్టేసి, మళ్ళీ పూశారు. డబ్బు ఇవ్వబోతే, "దీనికి కూడా తడుపులు అవ్వనివ్వండమ్మా, అప్పుడు తీసుకుంటాను" అని సైకిలెక్కారు.