పాత వెర్షన్ వదలాలా?

మై ఎస్‌క్యూఎల్ 5.7కు ఒరాకిల్ మద్దతు 2023 అక్టోబరుతో ఆగిపోయింది. అయినా మా డేటాబేస్ దానిమీదే నిక్షేపంగా నడుస్తోంది. నడిచేదాన్ని కదపడం ఎందుకన్న మాటలో న్యాయముంది. పైగా తర్వాతి వెర్షన్ 8.0కి వెళ్ళాక తిరిగి 5.7కి దిగే దారి లేదు. ముందే తీసిపెట్టిన బ్యాకప్పే దిక్కు.

పాతదాంట్లో గ్రూప్ బై రాస్తే వరసలు క్రమంలోనే వచ్చేవి. కొత్తదాంట్లో ఆర్డర్ బై రాయకపోతే ఆ హామీ లేదు. ఎర్రర్ ఏమీ చూపదు, రిపోర్టు మాత్రం తారుమారవుతుంది. చెప్పకుండా వచ్చే ఇలాంటి మార్పుల గురించే నా భయమంతా.

కానీ భద్రతా లోపం బయటపడితే సరిచేసే దిక్కులేని చోట జనం ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంచడం నాకు సమ్మతం కాదు. మారాల్సిందే. ముందు డేటాబేస్ నకలు మీద క్వెరీలన్నీ నడిపి చూడాలి. 8.0 గడువు కూడా 2026 ఏప్రిల్ వరకే కాబట్టి, అక్కడ ఆగకుండా 8.4కి చేరాలి.