వేడి చేయడం కాదు

మే మొదటి వారం. నోయిడాలో వడగాలి వీస్తోంది. బడి నుంచి వచ్చిన పదమూడేళ్ళ పిల్లకు ముక్కు వెంట నెత్తురు ధారకట్టింది. “వేడి చేసిందే తల్లీ” అంటూ అమ్మమ్మ మాడు మీద చన్నీళ్ళు చరిచింది. అరగంటైనా నెత్తురు ఆగలేదు. నెలసరి మొదలైన నాటినుంచీ ఆ పిల్ల ప్రతినెలా వారానికి పైగా నీరసంతో మంచం దిగలేకపోతోంది. దానికి ఆ ఇంట ఒక్కటే సమాధానం: “మనింటి ఆడవాళ్ళకిది మామూలే.”

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందుగా కుటుంబ చరిత్ర అడిగింది. యాభై ఏళ్ళ కిందట గుంటూరు జిల్లా పల్లెలో, కాన్పయిన మూడోనాడు నెత్తురు ఆగక కన్నుమూసిన చెల్లెలు అమ్మమ్మకు గుర్తుకు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ చావును ఆవిడ తలరాత అనే అనుకుంది.

పరీక్షలలో తేలినది వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి, 2ఏ రకం.

ఆ పేరుగల ప్రొటీను రక్తంలో పొడవాటి గొలుసులా ఉంటుంది. మామూలు వేళ ఉండచుట్టుకొని ప్రవహిస్తుంది. రక్తనాళం తెగినచోట ప్రవాహపు ఒరిపిడికి సాగి, ప్లేట్‌లెట్లను గాయానికి అతికిస్తుంది. గొలుసు ఎంత పొడవైతే పట్టు అంత గట్టిది. కాని మరీ పొడవైతే అక్కరలేని చోట కూడా గడ్డలు కట్టే ప్రమాదముంది. అందుకే ఏడీఏఎంటీఎస్13 అనే ఎంజైము కత్తెరలా దానిని తుంచుతూ ఉంటుంది. 2ఏ రకంలో తరచు జరిగేదేమంటే, జన్యుదోషం వల్ల గొలుసు సులువుగా విచ్చుకొని ఆ కత్తెరకు చిక్కుతుంది. తప్పు కత్తెరది కాదు. ప్రొటీను ఉన్నా ముక్కలై ఉంటుంది, పట్టు ఉండదు.

హీమోఫీలియా ఎక్కువగా మగపిల్లలను బాధిస్తుంది. ఈ వ్యాధి జన్యువు పన్నెండో క్రోమోజోము మీద ఉంది గనుక కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా సంక్రమిస్తుంది. అయితే నెలసరి, కాన్పు వల్ల బాధ స్త్రీలకే అధికం. ఫిన్లాండు వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో దీనిని మొదట వర్ణించినదీ ఓలండ్ దీవుల బాలిక ఒకతెను చూసే. ఆమె తోబుట్టువులు కొందరు అప్పటికే రక్తస్రావంతో మరణించారు. తరువాత కౌమారంలో, నెలసరి రక్తస్రావమే ఆమెనూ బలిగొన్నది.

నేడు మందులున్నాయి. రక్తం గడ్డను నిలిపివుంచే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది. శస్త్రచికిత్సకు ముందు లోపించిన ప్రొటీనునే ఎక్కించవచ్చు. ఆస్పిరిన్ వంటి మాత్రలు డాక్టరును అడగకుండా వాడరాదు. అయితే వ్యాధి ఉన్నదని తెలిస్తేనే ఇవన్నీ. ‘మామూలే’ అన్న మాట ఆ తెలియడాన్నే అడ్డగిస్తుంది.

ఆ రాత్రి అమ్మమ్మ ఊరికి ఫోను చేసింది. పోయిన చెల్లెలి మనవరాలికి ఇప్పుడు ఏడో నెల.

“పురిటికి ముందే డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించుకోవే అమ్మా,” అన్నది ఆవిడ. “ఇది వేడి కాదు. మనింటి జబ్బు. దానికో పేరుంది, రాసుకో.”