తాళంచెవి చేతికొచ్చాక

"అయితే జీతం పెంచారా?" అని అడిగింది అమ్మ. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి నన్ను మెయింటెయినర్‌ని చేశారని ఆ రాత్రి అన్నాలయ్యాక చెప్పాను. జీతం లేదమ్మా, ఊరికే చేసే పని అన్నాను. "ఊరికే చేసే పనికి మళ్ళీ ప్రమోషన్ కూడానా!" అని నవ్వి గిన్నెలు సర్దడానికి లేచింది. నలభై ఏళ్ళుగా ఆమె ఊరికే చేస్తున్న పనికి ఆ ప్రమోషన్ కూడా లేదు.

మా ప్రాజెక్టు చాలా చిన్నది. మన పత్రికలు, పుస్తకాలు ఏళ్ళ తరబడి అను లాంటి ఫాంట్లలో కంపోజయ్యాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఇది. ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్పు పంపొచ్చు. ఆ మార్పుని అసలు ప్రతిలో కలపాలా వద్దా అన్నది మాత్రం మెయింటెయినర్ ఇష్టం. తలుపు అందరికీ తెరిచే ఉందంటారు గానీ తాళంచెవి ఒకరిద్దరి దగ్గరే ఉంటుంది.

ఒక స్నేహితురాలి కథల సంపుటిని మార్చబోయి నేనిందులోకి వచ్చాను. ప్రతి "పోస్ట్‌మాన్"లోనూ ట వత్తు కింద మ వత్తు కూడా వచ్చి అతుక్కుంటోంది. అక్షరాలు అలా కలిసిపోకుండా ఆపడానికి యూనికోడ్‌లో కంటికి కనిపించని గుర్తొకటి ఉంది. ప్రోగ్రాం దాన్ని పెట్టడం లేదు. పదకొండు వరుసల మార్పు పంపాను. మూడు వారాలకి జవాబొచ్చింది: "ముందు నియమాలు చదివి రండి." ఆ నియమాలు ఎక్కడా రాసి లేవు. తర్వాత వాటిని రాసిందీ నేనే.

నాలుగేళ్ళపాటు కొత్తవాళ్ళ సందేహాలు తీర్చాను, తప్పుల జాబితా సర్దాను, ప్రతి మార్పునీ పరీక్షించాను. పొడి అక్షరాలతో సంతకం చేసేదాన్ని కనుక చాలామంది "బ్రదర్" అని రాసేవారు. నేను సరిదిద్దలేదు. గిట్‌హబ్ మీద జరిగిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. మొత్తం మీద స్త్రీల మార్పుల్లో దాదాపు 79 శాతం, పురుషులవి దాదాపు 75 శాతం ఆమోదం పొందాయట. అదే ప్రాజెక్టుకి కొత్తవాళ్ళయి, స్త్రీ అని తెలిసిపోతే మాత్రం ఆమోదం పడిపోయింది. నా మౌనానికి కారణం ఆ అంకెల్లో కనిపించింది.

చివరికి పాత మెయింటెయినర్‌కి తీరిక లేకుండా పోయింది. "ఎలాగూ మీరే చేస్తున్నారు కదా" అంటూ హక్కులు నాకిచ్చారు. గుర్తింపు ఆ "ఎలాగూ"లోంచి వచ్చింది.

ఏడాది గడిచింది. ఒక రాత్రి వంటిల్లు కడిగొచ్చి కూర్చుంటే, డిగ్రీ చదివే ఒక అమ్మాయి పంపిన మార్పు కంటబడింది. వచ్చి అయిదు వారాలైంది. దీర్ఘాల లెక్క తప్పింది గానీ ఆలోచన మంచిది. అలసటతో టైపు చేయడం మొదలుపెట్టాను: "ముందు నియమాలు..."

చేతులు ఆగిపోయాయి. ఆ పాతాయన నన్ను చిన్నచూపు చూశాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయనా అలసిపోయే ఉండొచ్చు. కానీ నా అలసట ఆ అమ్మాయికి కనిపించదు, మూసిన తలుపే కనిపిస్తుంది. మెయింటెనెన్స్ ఇంటి చాకిరీ లాంటిదని మా స్నేహితురాళ్ళతో చాలాసార్లు అన్నాను. అందులో కాదనే అధికారం కూడా ఉందన్న సంగతి దాటేశాను.

అలాగని తాళంచెవి అడిగినవాళ్ళకల్లా ఇవ్వలేం. ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టుని ప్రధానంగా ఒక్కరే, అలసిపోయి నడుపుతుంటే, సాయం చేస్తానంటూ వచ్చిన వ్యక్తి రెండేళ్ళకి పైగా నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టిన సంగతి 2024 మార్చిలో బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి దొరికింది. ఒంటరి చాకిరీ చేసేవాళ్ళని మాత్రమే కాక, దాని మీద ఆధారపడ్డ అందరినీ ప్రమాదంలో పెడుతుంది.

ఆ వాక్యం చెరిపేసి, ఆలస్యానికి క్షమాపణ చెప్పి, దీర్ఘం ఎక్కడ తప్పిందో రాశాను. ఇప్పుడు మాకో నియమం ఉంది: నాదైనా సరే, ఇంకొకరు చూడనిదే ఏ మార్పూ కలవదు. చూసేవాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది. మొన్న నా మార్పే వెనక్కి పంపింది: "మేడమ్, దీనికి పరీక్ష రాయలేదు."

అమ్మకి చెప్పాను. "పోనీ, ఆ పిల్లకైనా జీతం ఇస్తారా?" అంది.

లేదన్నాను. ఈసారి అమ్మ నవ్వలేదు.