అతిథికి కాపలా, పౌరునికి భయం

డిసెంబరు సమీపించగానే హైదరాబాదు, చెన్నై విమానాశ్రయాల నుంచి కొలంబో వెళ్ళే విమానాలు నిండిపోతాయి. నువర ఎలియ దగ్గరి సీతమ్మ ఆలయం, క్యాండీలోని బుద్ధుని దంతాలయం, దక్షిణ తీరంలో రెండు రోజుల విశ్రాంతి. మధ్యతరగతి తెలుగు కుటుంబం నాలుగైదు రోజులలో చుట్టిరాగల విదేశం అది. టికెట్లు ఖరారయ్యే ముందు ఇంటి పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "అక్కడ ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది? పిల్లలతో వెళ్ళవచ్చునా?" భయమేమీ లేదండీ అని ట్రావెల్ ఏజెంటు సమాధానమిస్తాడు. ఆ సమాధానం చాలావరకు నిజం కూడా.

శ్రీలంకకు 2018లో 23.3 లక్షల మంది విదేశీయులు వచ్చారు. ఆర్థిక సంక్షోభం నుంచి తేరుకున్న తరువాత, 2024లో, ఆ సంఖ్య మళ్ళీ 20.5 లక్షలకు చేరింది. వారిలో నాలుగు లక్షల మందికి పైగా భారతీయులే. ఈ లక్షలాది మందిలో అత్యధికులు ఆటో డ్రైవరు అధికంగా వసూలు చేసిన ఛార్జీనీ, బీచిలో పోయిన సెల్‌ఫోన్‌నూ మించిన చేదు జ్ఞాపకమేదీ లేకుండానే తిరిగి వెళతారు. ఒంటరిగా ప్రయాణించే మహిళలకు వేధింపులు ఎదురవుతున్నాయన్నది వాస్తవమే. అయితే ఆ విషయంలో ద్వీపాన్ని వేలెత్తి చూపే నైతిక హక్కు భారతదేశానికి లేదు. హత్యల రేటును కొలమానంగా తీసుకున్నా, 2019ని మినహాయిస్తే, ఇటీవలి ఏళ్ళలో శ్రీలంకలో అది లక్ష జనాభాకు సుమారుగా రెండు మూడింటి మధ్యనే ఉంటూ వచ్చింది. ఏటా లక్షల మంది పర్యాటకులు విహరించే జమైకాలో ఆ రేటు నలభైకి పైగా ఉన్న సంవత్సరాలు అనేకం. అక్కడ హోటళ్ళకు ప్రహరీలు ఎత్తుగా ఉంటాయి, లోపల అతిథి నిశ్చింతగా ఉంటాడు, గోడకు అవతల పౌరుడు తుపాకీ చప్పుళ్ళ మధ్య నిద్రపోతాడు.

గణాంకాలు ఒక దేశంలో నేరం ఎంత అన్నది చెబుతాయి. నేరం జరిగినప్పుడు రాజ్యం ఎవరి పక్షాన నిలబడుతుంది అన్నది చెప్పవు. శ్రీలంకలో సందర్శకుల భద్రత గురించి గడచిన పదిహేనేళ్ళు నేర్పిన పాఠం ఆ రెండవ ప్రశ్నకు సంబంధించినది.

2011 క్రిస్మస్ నాటి తెల్లవారుజామున తంగల్లలోని ఒక విశ్రాంతి నివాసంలో బ్రిటన్‌కు చెందిన రెడ్‌క్రాస్ ఉద్యోగి హత్యకు గురయ్యాడు. గాజాలో కాళ్ళు చేతులు కోల్పోయినవారికి కృత్రిమ అవయవాలు అమర్చే వృత్తి అతనిది. సెలవు గడపడానికి వచ్చాడు. అతని వెంట వచ్చిన స్నేహితురాలిపై లైంగిక దాడి జరిగింది. నిందితులలో ప్రధానుడు బయటి నుంచి వచ్చిన దొంగ కాదు, పేరుమోసిన రౌడీ కాదు. అప్పటి పాలక పక్షానికి చెందిన స్థానిక ప్రాదేశిక సభ అధ్యక్షుడు. మన పరిభాషలో చెప్పాలంటే మండలాధ్యక్షుని వంటివాడు. తంగల్ల ఉన్నది హంబన్‌తోట జిల్లాలో. ఆనాటి అధ్యక్షుడు మహింద రాజపక్స కుటుంబానికి అది కంచుకోట.

కేసు రెండున్నరేళ్ళు నడిచింది. నిందితులు బెయిలుపై బయటికి వచ్చారు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు ప్రశ్నలు వేశారు. 2013 నవంబరులో కొలంబోలో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశం జరగవలసి ఉంది. యువరాజు చార్లెస్, ప్రధాని కామెరాన్ రానున్నారు. ఆ ఒత్తిడి లేకుంటే ఏమై ఉండేదన్నది ఊహకు అందనిదేమీ కాదు. చివరకు విచారణ కొలంబో హైకోర్టులో జరిగింది. 2014 జులైలో ఆ నాయకునికి, మరో ముగ్గురికి ఇరవై ఏళ్ళ కఠిన కారాగార శిక్ష పడింది.

న్యాయం జరిగిందని సంతోషించవచ్చు. కానీ ఆ తీర్పు వెనుక ఒక ప్రశ్న మిగిలిపోయింది. చనిపోయినవాడు తంగల్ల మత్స్యకారుడే అయి ఉంటే, దాడికి గురైన స్త్రీ ఆ ఊరి టైలరు కూతురే అయి ఉంటే, ఏ యువరాజు వస్తున్నాడని విచారణ వేగం పుంజుకుని ఉండేది? అధికార పార్టీ స్థానిక నాయకుని ఎదుట పోలీసు ఠాణా తలవంచడం ఆ రాత్రే కొత్తగా మొదలైన అలవాటు కాదు. ఊరి ప్రజలు ఏళ్ళ తరబడి భరించిన భయాన్ని సందర్శకుడు ఒక్క రాత్రిలో ఎదుర్కొన్నాడు.

2019 ఏప్రిల్ 21న జరిగింది ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఈస్టర్ ఆదివారం ఉదయం మూడు చర్చిలలో, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్ళలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. సుమారు 270 మంది మరణించారు. వారిలో నలభై మందికి పైగా విదేశీయులు. షాంగ్రిలా హోటల్‌లో అల్పాహారానికి దిగినవారిలో కర్ణాటకకు చెందిన జనతాదళ్ సెక్యులర్ కార్యకర్తలు ఉన్నారు. ఏప్రిల్ 18న తమ ప్రాంతంలో లోక్‌సభ పోలింగు ముగియగానే, ఎండలో తిరిగిన అలసట తీర్చుకోవడానికి వెళ్ళినవారు. అటువంటి ప్రయాణాలు మన రాష్ట్రాల రాజకీయ కార్యకర్తలకూ కొత్తవి కావు.

ఆ దాడి గురించి ముందే తెలుసు. భారత నిఘా వర్గాలు ఏప్రిల్ 4నే హెచ్చరించాయి. ఏప్రిల్ 11న పోలీసు శాఖలో ఒక లేఖ తిరిగింది; అందులో దాడికి పథకం వేస్తున్న బృందం పేరు, నాయకుని పేరు ఉన్నాయి. అయినా ఎవరూ కదలలేదు. అంతకు ఆరు నెలల ముందు అధ్యక్షుడు సిరిసేన ప్రధాని విక్రమసింఘెను అకస్మాత్తుగా పదవి నుంచి తొలగించాడు. సుప్రీంకోర్టు జోక్యంతో ఆయన తిరిగి వచ్చినా, ఇద్దరి మధ్య మాటలు లేవు. జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానికే పిలుపు లేదు. ఇంటి పెద్దలిద్దరూ వసారాలో కీచులాడుకుంటూ ఉంటే పెరటి తలుపు గడియ వేయడం ఎవరికీ గుర్తు రాలేదు.

2023 జనవరి 12న సుప్రీంకోర్టు ఈ నిర్లక్ష్యానికి వెల కట్టింది. సిరిసేన సొంత డబ్బు నుంచి పది కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు చెల్లించాలని ఆదేశించింది. మాజీ పోలీసు అధిపతి, నిఘా విభాగం మాజీ అధిపతి చెరి ఏడున్నర కోట్లు కట్టాలన్నది. దక్షిణాసియాలో ఒక మాజీ దేశాధినేతను భద్రతా వైఫల్యానికి వ్యక్తిగతంగా బాధ్యుని చేసిన తీర్పులు అరుదు.

ఆ దాడి తరువాత నెల, 2019 మేలో, పర్యాటకుల రాక క్రితం ఏడాది మేతో పోలిస్తే దాదాపు 70 శాతం పడిపోయింది. ఈ పతనం ఎలా జరుగుతుందో గమనించాలి. ఒక పశ్చిమ దేశపు విదేశాంగ శాఖ తన వెబ్‌సైటులో ప్రయాణ సూచన మారుస్తుంది. అత్యవసరమైతే తప్ప వెళ్ళవద్దన్న ఒక్క వాక్యంతో అనేక ప్రయాణ బీమా పాలసీలు చెల్లకుండా పోతాయి. బీమా లేనిదే యాత్రా సంస్థలు జనాన్ని పంపవు. బుకింగులు రద్దవుతాయి. వారం తిరిగేసరికి హోటలులో గదులు ఊడ్చే మహిళకు, ఏనుగులను చూపడానికి జీపు నడిపే కుర్రవానికి, కొబ్బరి బొండాలు కొట్టే ముసలివానికి పని ఉండదు. దేశాధినేతల కీచులాట మూల్యాన్ని మొదట చెల్లించేవారు వీరే. విదేశీ మారకద్రవ్య ఆదాయంలో పర్యాటకానిది పెద్ద వాటా కావడంతో, ఈస్టర్ దెబ్బ, దాని వెనుకే వచ్చిన కోవిడ్, ఆపై పన్నుల కోత, రుణభారం కలిసి 2022లో దేశాన్ని దివాలా తీయించాయి.

2023 డిసెంబరు 31 నాటి ఘటన ప్రాణనష్టంలో చిన్నది, అర్థంలో మాత్రం తంగల్లను మించినది. సర్ఫింగ్‌కు పేరుపొందిన వెలిగమ పట్టణంలో ఒక విలాసవంతమైన హోటల్ వద్దకు అర్ధరాత్రి దాటాక తెల్ల వ్యాను వచ్చింది. కాల్పులు వినిపించాయి. సమాచారం అందుకున్న స్థానిక పోలీసులు వ్యానును వెంటాడి కాల్చారు. చనిపోయిన వ్యక్తి కొలంబో నేర విభాగపు పోలీసు అని తరువాత తేలింది. రాజధాని నుంచి వచ్చిన పోలీసులను స్థానిక పోలీసులే దుండగులనుకున్నారు.

శ్రీలంకలో తెల్ల వ్యాను అంటే ఏమిటో అక్కడి తమిళునికైనా, సింహళ విలేఖరికైనా వివరించనక్కరలేదు. యుద్ధకాలంలో మనుషులను ఎత్తుకుపోయి మళ్ళీ కనబడనీయని వాహనం అది. ఆ బృందాన్ని పంపింది అప్పటి తాత్కాలిక పోలీసు అధిపతి దేశబందు తెన్నకోన్ అన్నది ఆరోపణ. ఘటనకు దాదాపు రెండున్నర వారాల ముందే, ఒక పౌరుని చిత్రహింసలు పెట్టిన కేసులో సుప్రీంకోర్టు ఆయనను బాధ్యునిగా తేల్చింది. అయినా 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయనకే పూర్తిస్థాయి పదవి కట్టబెట్టింది. ఆ నెలల్లోనే ఆయన నాయకత్వంలో మాదకద్రవ్యాలపై "యుక్తియ" పేరిట భారీ దాడులు సాగాయి. పదుల వేల మందిని నిర్బంధించారు. పర్యాటక తీరం ప్రశాంతంగా ఉందన్నారు. 2025 మార్చిలో, వెలిగమ కేసులో అరెస్టు వారంటు వెలువడి దాదాపు మూడు వారాలు కనబడకుండా పోయిన తరువాత, ఆ పోలీసు అధిపతే మాతర కోర్టులో లొంగిపోయాడు. ఆగస్టులో పార్లమెంటు ఆయనను పదవి నుంచి తొలగించింది. కంచే చేను మేయడమన్న సామెతకు ఇంతకన్న ఉదాహరణ అవసరం లేదు.

కంచె చెడిన చోట పశువులు ఊరుకోవు. 2025 ఫిబ్రవరిలో కొలంబోలోని న్యాయస్థానంలోనే, న్యాయవాది వేషంలో వచ్చిన హంతకుడు బోనులో ఉన్న ఒక ముఠా నాయకుని కాల్చి చంపాడు. అదే ఏడాది అక్టోబరులో వెలిగమ ప్రాదేశిక సభ అధ్యక్షుని, విపక్షానికి చెందినవాడిని, తన కార్యాలయంలోనే కాల్చి చంపారు. కొద్ది దూరంలో విదేశీయులు అలల మీద తేలియాడుతూనే ఉన్నారు. వారికేమీ కాలేదు. కాలేదన్నదే అధికారుల ఊరట, దానిలోనే అసలు ప్రమాదం ఉంది. పర్యాటకునికి ఏమీ కానంత కాలం పౌరునికి ఏమైనా ఫరవాలేదన్న లెక్క కొంతకాలమే నడుస్తుంది.

ఈ కథలో ఆశ కలిగించే ఘట్టమూ ఒకటి ఉంది. 2024 అక్టోబరులో తూర్పు తీరంలోని ఆరుగం బేలో పర్యాటకులపై దాడి జరగవచ్చునని సమాచారం అందింది. అమెరికా రాయబార కార్యాలయం అక్టోబరు 23న హెచ్చరిక జారీ చేసింది. ఇజ్రాయెల్ తన పౌరులను వెంటనే వెళ్ళిపొమ్మన్నది. అనుర కుమార దిసనాయకె అధ్యక్షుడై అప్పటికి నెల రోజులే. ఈసారి కాగితం బల్లల మీద నిద్రపోలేదు. పోలీసులు మోహరించారు, అనుమానితులను పట్టుకున్నారు, దాడి జరగలేదు. అయిదేళ్ళ క్రితం లోపించినది సమాచారం కాదని, దానిని విని కదిలే రాజ్యమని తేలింది.

ఆ వెలుగు వెంట నీడా వచ్చింది. 2025 మార్చిలో కొలంబోలోని ఒక వాణిజ్య సముదాయం వద్ద ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా స్టిక్కరు అతికించాడని 22 ఏళ్ళ ముస్లిం యువకుని 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద నిర్బంధించారు. ఆ చట్టాన్ని రద్దు చేస్తామని ఇప్పటి పాలకులు ఎన్నికలలో వాగ్దానం చేశారు. రెండు వారాలకు పైగా నిర్బంధించి, చివరకు బెయిలుపై వదిలారు. అతిథి నొచ్చుకుంటాడేమోనని ఇంటి బిడ్డను చీకటిగదిలో పెట్టడం ఆతిథ్యం అనిపించుకోదు. ఆ గది నుంచి బయటికి వచ్చిన బిడ్డ అతిథిని ఏ కన్నుతో చూస్తాడో కూడా పాలకులు ఆలోచించాలి.

ఇదంతా పొరుగువారి కథ అని పక్కన పెట్టడానికి భారతీయులకు వీలు లేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు వారిలో సెలవుకు వెళ్ళిన విశాఖపట్నానికి, కావలికి చెందినవారున్నారు. అంతకు కొద్ది వారాల ముందు హంపి సమీపాన విదేశీ సందర్శకురాలిపైనా, ఆమెకు బస ఇచ్చిన స్థానిక మహిళపైనా అత్యాచారం జరిగింది. వారితో ఉన్న ఒడిశా యువకుడు కాలువలో శవమై తేలాడు. పర్యాటకుల రాకను ప్రశాంతతకు రుజువుగా చూపే పాలకులు కొలంబోలోనే కాదు, ఢిల్లీలోనూ ఉన్నారు. నిండిన హోటలు గది చూపేది ఆ రాత్రి గది నిండిందన్న విషయాన్నే.

కనుక ఇంటి పెద్దలు అడిగే ప్రశ్న సరైనదే. దానిని వేయవలసిన చోటు మాత్రం వేరు. ట్రావెల్ ఏజెంటునూ రాయబార కార్యాలయపు సూచననూ సంప్రదించడం వివేకం. వాటితో పాటు ఆ దేశపు కోర్టు వార్తలు కూడా చదవాలి. వెలిగమ కేసు ఎలా ముగుస్తుంది, ఉగ్రవాద నిరోధక చట్టం నిజంగా రద్దవుతుందా, పాలక పక్షపు స్థానిక నాయకునిపై ఫిర్యాదు చేయడానికి తంగల్ల మత్స్యకారుడు ఠాణా మెట్లు ధైర్యంగా ఎక్కగలడా అన్న విషయాలే అక్కడ గడపబోయే నాలుగు రోజుల భద్రతను నిర్ణయిస్తాయి. ఆ మత్స్యకారుడు నిర్భయంగా నిద్రపోయే తీరంలో సందర్శకునికి ప్రత్యేకంగా కాపలా అవసరం ఉండదు.