నెమలి కంఠం రంగు రాయి

వేంసూరు... జలగం వెంగళరావును అసెంబ్లీకి పంపిన పాత నియోజకవర్గం. ఇటు సాగర్ నీళ్లు, అటు కొత్తగూడెం వైపు అడవి. మధ్యలో మామిడి తోటలు. ఏ తోటలోనైనా మోటారు కొట్టం తలుపు తీసి చూడండి. మూలన ఓ ప్లాస్టిక్ సంచి కనిపించొచ్చు. విప్పితే నెమలి కంఠం రంగులో పలుకులు తళతళలాడతాయి. అదే మైలుతుత్తం. తమిళంలో మయిల్ అంటే నెమలి. సంస్కృతంలోనూ ఇది మయూరతుత్థమే.

కొట్లో కిలోల లెక్కన దొరికే ఈ సరుకు ప్రకృతిలో మాత్రం అరుదైన ఖనిజం. శాస్త్రజ్ఞులు చాల్కంథైట్ అంటారు. అది పుట్టే చోటు వేంసూరుకు మరీ దూరమేం కాదు. సత్తుపల్లిలో సింగరేణి బొగ్గు గనులు దాటి కొత్తగూడెం వైపు వెళితే మైలారం వస్తుంది. (మైలుతుత్తానికీ ఈ పేరుకూ ముడిపెట్టకండి. రాగి జాడలేని మైలారాలు తెలంగాణలో బోలెడున్నాయి!) అక్కడి రాళ్లలో రాగి ఉంది. మన నేలలో రాగి కొత్త కబురేమీ కాదు. పల్నాడులోని అగ్నిగుండాల గనుల గురించి బెంజమిన్ హేన్ రాసిన పుస్తకం 1814లోనే లండన్‌లో అచ్చయింది.

ఇత్తడి రంగులో ఉండే చాల్కోపైరైట్‌లో రాగి, ఇనుము, గంధకం కలిసి ఉంటాయి. దానికి గాలీ నీరూ తగిలితే గంధకం కాస్తా ఆమ్లంగా మారి రాగిని కరిగిస్తుంది. ఆ నీరు గని గోడల మీద చెమ్మలా దిగి, ఆరితే నీలం స్ఫటికాలు కడతాయి. గోటికన్నా కొంచెమే గట్టి. బరువులో నాలుగో వంతు రాగి. మూడో వంతుకు పైగా నీరే! వేడిచేస్తే ఆ నీరు పోయి తెల్లగా సున్నంలా అవుతుంది. చుక్క నీరు వేస్తే మళ్లీ నీలం. బళ్లో పరీక్షనాళికలో చూసే ఉంటారు.

చిక్కల్లా ఒక్కటే, అది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. చిలీలోని అటకామా లాంటి ఎడారిలో నిలుస్తుంది గానీ, మన ముసురుకు బయట ఎక్కడ మిగులుతుంది? అయితే అదే రాగినీరు సున్నపురాయిని తాకితే కథ మారుతుంది. నీలం అజురైట్‌గా, ఆకుపచ్చ మలకైట్‌గా రాయికి అతుక్కుపోతుంది. ఇక వాన కడగలేదు.

మామిడి రైతు చేసే పనీ దాదాపు ఇదే. ఉత్త మైలుతుత్తం నీళ్లు చల్లితే ఆకు మాడుతుంది, వానొస్తే మందు కొట్టుకుపోతుంది. అందుకే సున్నం కలుపుతాడు. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఫ్రాన్సులో బాటసారులు ద్రాక్షపళ్లు కోసుకుపోకుండా దారి పక్క తీగలకు ఈ రెండూ కలిపి చల్లేవాళ్లట. ఆ తీగలకు మాత్రం బూజు తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం పెట్టిన మందు తెగులుకు పనికొచ్చింది. అదే బోర్డో మిశ్రమం.

బంక కారే కాండానికీ, ఎండుకొమ్మ నరికిన గాటుకూ పూసే పేస్టుకైతే అదే పాళ్లకు పది లీటర్ల నీళ్లే. అశ్రద్ధ చేస్తే పదిహేనేళ్లు పెంచిన చెట్టు పోవచ్చు మరి. మిశ్రమం ఇనుప డ్రమ్ములో కలపకూడదు. కుదిరిందో లేదో తెలియడానికి తుప్పులేని కత్తి కాసేపు ముంచి తీస్తారు. అలుగు మీద ఎర్రగా రాగి పూత కనిపిస్తే ఇంకా సున్నం పడాలన్నమాట. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

మిగిలిన నీళ్లు, కడిగిన నీళ్లు చెరువులోకి వదలొద్దు. రాగి చేపలకు విషం. సంచి కూడా పిల్లలకు అందకుండా పైన పెట్టాలి... ఆ రంగు వాళ్లను ఊరికే ఉండనివ్వదు.