తిరగవ్రాసిన అక్షరం

మొన్నటి రంజాన్ పండుగనాడు నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి నా సెల్‌ఫోనులో అరవైకి పైగా శుభాకాంక్షలు వచ్చి ఉన్నాయి. వాటిలో పదకొండింటిలో ఒకే బొమ్మ. అదే నెలవంక, అదే గోపురం, అవే బంగారు అక్షరాలు. పంపినవారు వేరు, వారి ఊళ్ళు వేరు. బొమ్మ మాత్రం ఒక్కటే. తలచుకొని పంపినవారి యెడల నాకు కృతజ్ఞత లేకపోలేదు. కాని ఏది ఎవరు పంపారో సాయంత్రానికి గుర్తు లేకపోయింది. సెలవులు ముగిసి కళాశాల తెరిచాక తరగతిలో ఈ సంగతి ప్రస్తావించి, “మా చిన్నతనంలో ఈద్ కార్డులు వచ్చేవి” అన్నాను. ముందు వరుసలోని విద్యార్థి ఒకడు లేచి, “కార్డు అంటే కొనేదా సార్, చేసేదా?” అని అడిగాడు. ఆనాడు గంట మ్రోగినందువలన సమాధానం సగంలోనే నిలిచిపోయింది. మిగిలిన సగం ఈ పుటలలో చెప్పుకొంటాను.

శుభాకాంక్షల కార్డుకు తల్లి తపాలా. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకి ఉత్తరం చేరే ఏర్పాటు వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే ప్రముఖుడు పండుగ ఉత్తరాలన్నింటికీ జవాబులు వ్రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుని చేత క్రిస్మస్ కార్డు గీయించాడు. దానిని రాతి అచ్చుమీద ముద్రించి, రంగులు మాత్రం చేతితోనే అద్దారు. తనకు కావలసినవి పోగా మిగిలినవి షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. మనదేశంలో రైళ్ళూ తపాలా విస్తరించిన తరువాత, 19వ శతాబ్ది చివరి భాగంలో, ఈద్ కార్డులు వ్యాప్తిలోకి వచ్చాయి. బ్రతుకుదెరువుకై దూరదేశం వెళ్ళినవాడు పండుగకు ఇంటికి రాలేకపోతే, కార్డు వచ్చేది. ఢిల్లీ, లాహోరు, బొంబాయి నగరాల ముద్రాపకులు వీటిని అచ్చువేసేవారు. తంతి కార్యాలయంలో సైతం అంకె చెబితే చాలు, అవతలి ఊరికి చేరే సిద్ధవాక్యాలలో “ఈద్ ముబారక్” ఒకటిగా ఉండేది. ఆ తంతి వ్యవస్థ 2013 జూలైలో ముగిసింది.

ఇక చేసే కార్డు సంగతి.

మా నాన్నగారిని మేము అబ్బా అని పిలుస్తాము. కర్నూలులో కోర్టుకు వెళ్ళే దారిలో ఆయనకు రబ్బరు స్టాంపుల దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక బల్ల, ఒక పీట, గోడకు ఒక అద్దం. తెలుగు, ఇంగ్లీషు స్టాంపులకు సీసపు అక్షరాలు పేర్చి, వాటినుండి అచ్చు తీసి, రబ్బరును వేడిమీద అందులో అదిమి చేసేవారు. ఉర్దూకు ఆ సౌకర్యం లేదు. నస్తాలీఖు లిపిలో ఒక అక్షరం మరొక అక్షరం భుజం మీదికి ఒరిగి, పైనుండి క్రిందికి జారుతుంది. సీసపు ముక్కలలో అది ఒదగదు. అందువల్లనే 1981లో నూరీ నస్తాలీఖు అనే కంప్యూటరు లిపి వచ్చేవరకు ఉర్దూ పత్రికలు కాతిబు చేతివ్రాతనే నమ్ముకొన్నాయి. అబ్బా కూడా ఉర్దూ స్టాంపును బ్లేడుతో చేతిమీదనే చెక్కేవారు.

రంజాన్ నెల రాగానే ఆ బల్ల మీద స్టాంపులు ప్రక్కకు జరిగి ఈద్ కార్డులు వెలిసేవి. శుభలేఖలు వేసే ప్రెస్సులో మిగిలిన అట్టముక్కలు కట్టలుగా తెచ్చేవారు. ఎదుటి హోటలు యజమాని ఖాళీ సిగరెట్టు పెట్టెలలోని వెండికాగితం దాచి ఇచ్చేవాడు. మోటారు షెడ్డులో గ్యాస్కెట్లకు రంధ్రాలు కొట్టే గుండ్రని ఇనుప పంచ్ ఒకటి అబ్బా వద్ద ఉండేది. చింతమొద్దు మీద అట్ట పెట్టి, ఆ పంచ్ నిలిపి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే రూపాయి బిళ్ళంత చక్రం ఊడి వచ్చేది. రంధ్రం వెనుక వెండికాగితం అంటించేవారు. ఊడిన చక్రాన్ని పారవేయక, మరల అదే రంధ్రం మీద, రవ్వంత ప్రక్కకు జరిపి అంటించేవారు. అప్పుడు వెండి అంతా కప్పుబడి, ఒక అంచున సన్నని నెలవంక మాత్రం మిగిలేది. ఎంత జరిపితే చంద్రుడు అంత లావు. నెలవంకను కత్తిరించకుండా నెలవంకను పుట్టించే ఈ చిన్న ఉపాయం నాకు ఏ గణిత పాఠం కన్నా ముందే తెలిసింది.

అబ్బా రెండు సిరాలు వాడేవారు. వాటిని ఎన్నడూ కలిపేవారు కాదు. రబ్బరు స్టాంపుకు ఊదారంగు ప్యాడు సిరా. అది నీటిలో కరిగే రంగు. ప్యాడు మీద ఎండిపోకుండా అందులో గ్లిసరిను ఉంటుంది. కాగితం దానిని పీల్చుకొంటేనే ఆరుతుంది. ఒక యేడు నేను ముచ్చటపడి నిగనిగలాడే అట్ట తెప్పించాను. నలభై కార్డులమీద అక్షరాలు పీల్చుకొనే దారి లేక అలాగే తడిగా నిలిచి, వేలు తగలగానే అలుక్కుపోయాయి. అబ్బా ఏమీ అనలేదు, ఆ నలభై కార్డుల వెనుకభాగం చూపించి, “ఇటువైపు గరుకుగానే ఉంది కదా బేటా!” అన్నారు.

రెండవది ప్రెస్సు సిరా. నూనెలో నూరిన నల్లని మసి. రబ్బరుకు నూనె పనికిరాదు, ఉబ్బి పాడవుతుంది. కనుక ఆ సిరా ఒక్క చెక్క అచ్చుకే. అది మా దాదాగారిది. ఆయన దుప్పట్లమీద, దస్తర్ఖానులమీద అద్దకం వేసేవారట. టేకు చెక్కలో చెక్కిన అయిదు రేకుల పువ్వు అది. దానితో అద్దిన కార్డు ఆరడానికి రెండు దినాలు పట్టేది. మా ఇంటి వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు వ్రేలాడదీసేవాళ్ళము.

ఆ పువ్వు కారణంగానే మా ఇంటిలో ఒక మౌనం కూడా ఉండేది. దాదాగారి మరణానంతరం ఇల్లు పంచుకొనేటప్పుడు అబ్బాకూ ఆయన అన్నగారికీ మాట పెరిగింది. గోడ విషయం పెద్దమనుషులు తేల్చారు. అచ్చు విషయం ఎవరూ తేల్చలేకపోయారు. ఒక్క అచ్చును రెండుగా చీల్చలేరు గదా! అది అబ్బా వద్దనే ఉండిపోయింది. మా బడే అబ్బా గుంటూరు వెళ్ళి స్థిరపడ్డారు. రాకపోకలు నిలిచిపోయాయి. కాని ప్రతి యేటా మొట్టమొదటి కార్డు గుంటూరుకే వెళ్ళేది. దానిమీద పువ్వు, నెలవంక, “ఈద్ ముబారక్”, అంతే. సంతకం ఉండేది కాదు. అటునుండి కూడా కొన్న కార్డు ఒకటి వచ్చేది, అదీ సంతకం లేకుండానే. సంతకం ఎందుకు పెట్టరని అమ్మీ అడిగితే, “పువ్వును గుర్తుపట్టనివాడికి పేరు మాత్రం ఎందుకు?” అనేవారు అబ్బా. అది అభిమానమో, కోపమో ఆ వయస్సులో నాకు అర్థం కాలేదు.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పండుగ గడిచి రెండు వారాలైనా కాలేదు. నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. మేము మేడ ఉన్నవారి ఇంటిలో తలదాచుకొని, నీరు తీసిన తరువాత వచ్చి చూస్తే దుకాణంలో మిగిలినది బురద. ఇంటిలోని ట్రంకు పెట్టె తెరిచాము. అందులో మిగిలిపోయిన కార్డులు, పాత సంవత్సరాల నమూనాలు తడిసి ముద్దగా ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీస్తుంటే ఒక వింత కనిపించింది. ప్యాడు సిరాతో వేసిన అక్షరాలు కరిగిపోయి ఊదారంగు మరకలుగా మారాయి. ప్రెస్సు సిరాతో అద్దిన పువ్వు మాత్రం ఏ రేకూ చెదరక, నల్లగా, అలాగే నిలిచి ఉంది. నూనె సిరా నీటికి లొంగదని మాకు తెలియనిది కాదు. అయినా మాటలన్నీ పోయి పువ్వు మిగిలిన ఆ కార్డులను అబ్బా చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నారు.

అచ్చు కూడా దొరికింది. నీరు త్రాగి బరువెక్కిన చెక్కను ఎండలో పెడితే పగులుతుందని, తడిగుడ్డ చుట్టి నీడలో ఆరబెట్టారు. అయినను నాలుగవనాడు పువ్వు నడుమ నుండి ఒక సన్నని చీలిక పడింది.

పదిరోజులకు గుంటూరు నుండి పార్సిలు వచ్చింది. దుప్పట్లు, బట్టలు, పొడి సరుకులు. వాటి మడతలలో మేము ఆ యేడు పంపిన కార్డు ఉంది. వెనుకవైపు బడే అబ్బా చేతివ్రాతతో ఉర్దూలో ఒకే ఒక వాక్యం: “అచ్చు క్షేమమేనా?” ఇల్లు ఏమయిందని అడగలేదు, దుకాణం మాట లేదు. అబ్బా ఆ రాత్రే ప్రెస్సు సిరా అరువు తెచ్చి, చీలిన అచ్చును ఒక తెల్ల అట్టమీద అద్దారు. పువ్వు నడుమ తెల్లని గీత పడింది. క్రింద “క్షేమమే” అని వ్రాసి, ఎన్నో సంవత్సరాల తరువాత తన పేరు వ్రాశారు. ఆ నెలాఖరులోగా బడే అబ్బా బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. అన్నదమ్ములు ఏమి మాట్లాడుకొంటారోనని మేమంతా తలుపుచాటున నిలబడ్డాము. వారు దుకాణంలోని బురద ఎత్తుతూ కూర్చున్నారు.

2014లో బడే అబ్బా పరమపదించారు. ఆ యేటి పండుగకు మొదటి కార్డు ఎవరికి పంపాలో తెలియక అబ్బా ఊరకున్నారు. “వారి మనుమలకు పంపుదాము” అన్నాను. ఆ పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు, ఉర్దూ చదవలేరు. “అయితే నీ భాషలో నువ్వే చెక్కు” అన్నారు అబ్బా. తెలుగు నా జీవనాధారమైనా, తెలుగు అక్షరాన్ని చెక్కడం అదే మొదటిసారి. మన అక్షరాలన్నీ గుండ్రనివి. వంపు వచ్చినచోట బ్లేడును తిప్పితే తునిగిపోతుంది. బ్లేడును కదలనీయక రబ్బరునే తిప్పాలి. రెండు రాత్రులు శ్రమించి “ఈద్ ముబారక్” పూర్తిచేశాను. అబ్బా సంతోషంతో ప్యాడు మీద అద్ది కాగితం మీద వేశారు. అక్షరాలన్నీ తిరగబడి వచ్చాయి! అచ్చులో తలక్రిందుగా కాకపోయినా ఎడమకుడులు మార్చి చెక్కాలన్న మొదటి పాఠమే మరిచాను. తెలుగు చదవలేని అబ్బాకు ముందు తెలియలేదు; నా ముఖం చూసి గ్రహించి నవ్వారు. “తెలుగును కూడా కుడినుండి ఎడమకు నడిపించావు గదా!” అన్నారు.

ఆ తరువాత ఉపాయం చూపించారు. పలుచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో సరిగానే వ్రాసి, దానిని రబ్బరు మీద బోర్లించి, వెనుక చెంచాతో రుద్దితే అక్షరం దానంతట అదే తిరగబడి దిగుతుంది. అలా దిగిన తెలుగు అక్షరాలు స్టాంపుమీద కుడినుండి ఎడమకు నడిచాయి. ప్రక్కనే ఉన్న ఉర్దూ స్టాంపులో అక్షరాలు ఎడమనుండి కుడికి నడుస్తున్నాయి. అచ్చుమీద ఒక భాష నడక మరొక భాషకు వస్తుంది. కాగితం మీద పడగానే ఎవరి నడక వారిదే.

విద్యార్థి మిత్రులారా, మన కళాశాలలో ఒక గదిలో ఉర్దూ, ప్రక్కగదిలో తెలుగు బోధిస్తారు. ఒక గదివారు రెండవ గది నల్లబల్లను చూసి నవ్వుకొని పోవడం నాకు తెలుసు. రాబోయే పండుగకు ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఒక బల్ల వేద్దాము. అట్టముక్కలు, పాత రబ్బర్లు, రెండు ప్యాడులు నేను తెస్తాను. పంచ్ అబ్బా ఇస్తారు. ఉర్దూవారు తెలుగు స్టాంపు, తెలుగువారు ఉర్దూ స్టాంపు చెక్కాలి. ఉగాదికైనా, క్రిస్మస్‌కైనా పద్ధతి ఇదే. ఖర్చు విషయమై కళాశాల సంఘంవారు చింతించనవసరం లేదు.

ఇక ఆనాటి ప్రశ్నకు సమాధానం. ఈ పండుగకు అరవై సందేశాలతోపాటు నాకు ఒక కార్డు వచ్చిందని తరగతిలో చెప్పలేదు. బడే అబ్బాగారి మనుమరాలు గుంటూరు నుండి అబ్బా పేర పంపింది. వెండికాగితపు నెలవంక కాస్త లావుగా ఉంది. ఉర్దూ రాని ఆ పిల్ల, ఎక్కడో చూసి, పెన్సిలు చెరిపే రబ్బరు మీద ఉర్దూలో “ఈద్ ముబారక్” చెక్కింది. నావలెనే తిరగవ్రాయడం మరిచింది. అక్షరాలన్నీ ఎదురుదిక్కుకు నడుస్తున్నాయి. ఇప్పుడు అబ్బాకు చేయి వణుకుతుంది, చూపు మందగించింది. ఆయన కార్డును రెండు నిమిషాలు పరిశీలించి, లేచి, దుకాణం నుండి తెచ్చి గోడకు తగిలించిన పాత అద్దం ఎదుటికి నడిచారు. కార్డును అద్దానికి చూపి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటూ, పైకి చదివారు.